పలకయు కలమును

మొన్నటి తల్లిదండ్రుల సభయందు ఒక పట్టురైతు లేచి మమ్ము ఒక ప్రశ్న అడిగెను. “సారూ, మా పిల్లోడు ట్యాబు కావల్లని ఒకటే పోరు. కొనియ్యల్లంటే హిందూపురం మార్కెట్లో ఒక పంట గూళ్లమ్మిన దుడ్డు పెట్టల్ల. అది చదువుకు పనికొస్తాదా, సినిమాలకేనా? మీరే చెప్పండి.” సభలోనివారందఱు నవ్విరి. మేమును నవ్వితిమి, కాని ఆనాడు సరియైన ఉత్తరము ఈయలేకపోయితిమి. “చూచి చెప్పెదము” అని తప్పించుకొంటిమి. ఇంటికి పోయిన పిదప ఆ మాట మమ్ము బాధించెను. ఒక పంట గూళ్ల వెనుక ఎంత మల్బరీ ఆకు మోయవలయునో, ఎన్ని రాత్రులు నిద్ర కాయవలయునో లేపాక్షి ప్రాంతమువారికి మేము చెప్పనక్కఱలేదు. అందుచేత ఆ తండ్రికిని, ఆయనవంటి పలువురికిని ఈ సంచిక మూలమున ఉత్తరము వ్రాయుచున్నాము.

మా ఉత్తరము చిన్నది. కలము లేని పలకను పిల్లవాని చదువుకొఱకని కొనవలదు. కలముతో కూడిన దానినైనచో, ఇంటివారు మొదటి నెల దానిని వ్రాతకే వాడింపగలిగినయెడల, కొనవచ్చును. ఇట్లేల చెప్పుచున్నామో వివరింతుము.

మన రాష్ట్రమున పలకలు క్రొత్తవి కావు. 2022 డిసెంబరు 21వ తేదీ మొదలుకొని ఆంధ్రప్రదేశ ప్రభుత్వమువారు ఎనిమిదవ తరగతి విద్యార్థులకును ఉపాధ్యాయులకును 5 లక్షలకు పైగా ట్యాబులను ఉచితముగా పంచిరి. మఱుసటి సంవత్సరము డిసెంబరునందును పంచిరి. పాఠముల వీడియోలు వానిలోనే నింపి యిచ్చిరి. పేదపిల్లల చేతికి అట్టి వస్తువు వచ్చుట గొప్ప సంగతియే. దానిని మేము తక్కువ చేయము. అయినను మొదటి విడత పలకలు 8.7 అంగుళములవి; వానికి కలము లేదు. కలము లేని పలకతో పిల్లవాడు చేయగలిగినది ఏమి? చూచుట, వినుట, వ్రేలితో త్రోయుట. ఒక లెక్క చేయవలసివచ్చినచో మరల కాగితమునే వెదకుకొనవలెను. చూచుటకు మాత్రమే యుపయోగించు వస్తువు నెల తిరుగకమునుపే సినిమాశాలగా మాఱుట వింత కాదు. ఆ తప్పు పిల్లవానిది కాదు.

వ్రాయగోరిన పిల్లవానికి అందున్నది అక్షరముల మీటల పట్టిక. తెలుగునకు మీటల పట్టిక ఉన్నది గాని, గుణింతములు, ఒత్తులు వెదకి వెదకి ఒక్కొక్కటే నొక్కుటకు ఓపిక లేక పిల్లలు ఆంగ్లాక్షరములతోనే తెలుగు మాటలను వ్రాయుచున్నారు. ఈ సంవత్సరము పదవ తరగతి బాలుడొకడు సెలవు కోరుచు మాకు పంపిన సందేశములో తెలుగక్షర మొక్కటియు లేదు. వాని చేతివ్రాత పుస్తకమునందు ముత్యములవలె నుండును. చేతికి వచ్చిన లిపి వ్రేలికి రాలేదు, అంతియే భేదము. కలమును చేతికిచ్చినయెడల ఆ బాలుడే తన లిపిలో వ్రాయును. మా వాదమంతయు దీనిమీదనే నిలిచియున్నది.

కలముతో పనిచేయు చేతిపట్టు కంప్యూటరు మనకు పరదేశపు వింత అని తలంపవలదు. మనకు రెండు మూడు గంటల ప్రయాణములోనున్న బెంగుళూరునందే, భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యులును ఎన్‌కోర్ సంస్థ ఇంజనీర్లును కూడి ‘సింప్యూటర్’ అను పరికరమును కల్పించి, 2001వ సంవత్సరమున లోకమునకు చూపిరి. అది అఱచేతిలో ఇముడునంతటిది. చిన్న పుల్లవంటి కలముతో తెరను తాకి నడుపవలెను. చదువురాని పల్లెవారికి సైతము పనికిరావలెనని అది దేశభాషలలో బిగ్గరగా చదివి వినిపించునట్లు చేసిరి. ఒక్కొక్కరు ఒక్కొక్కటి కొనలేరు గనుక, ఎవరి వివరములు వారి స్మార్టు కార్డులో ఉంచుకొని, ఊరివారందఱు ఒకదానినే వంతులవారీగా వాడుకొనునట్లు ఏర్పాటు చేసిరి. 2004లో భారత్ ఎలక్ట్రానిక్స్ వారి తోడ్పాటున ‘అమిడా సింప్యూటర్’ అను పేర అమ్మకమునకు వచ్చినను, ఆశించినంతగా చెల్లలేదు. వస్తువు నిలువలేదు, తలంపు మాత్రము మంచిది. ఒకటి నలుగురు పంచుకొనవచ్చునన్న మాటను తల్లిదండ్రులు మఱువకుందురు గాక. అన్నకును చెల్లెలికిని వేఱువేఱు కొనవలసిన పని లేదు.

ఇతర దేశములవారు తొలుత పడిన తిప్పలును వినదగినవే. 1993లో ఆపిల్ కంపెనీవారు ‘న్యూటన్’ అను కలపు యంత్రమును అమ్మిరి. అది చేతివ్రాతను తప్పుగా చదివి నవ్వులపాలయ్యెను. 1996లో వచ్చిన ‘పామ్’ యంత్రము మఱియొక ఉపాయము పన్నెను. మనుష్యుని అక్షరము యంత్రము నేర్చుటకు బదులు, యంత్రమునకు తెలిసిన గీతలనే మనుష్యుడు నేర్చుకొనవలెను! ఇప్పుడట్లు కాదు. 2015లో గూగుల్ వారు ఎనుబదికి పైగా భాషలలో చేతివ్రాతను గుర్తించు సాధనమును వెలువరించిరి. అందు తెలుగును ఉన్నది. మనము వ్రాసిన మాట అచ్చక్షరములై తెరపై నిలుచుట మొదటిసారి చూచినప్పుడు మేము పిల్లలకంటె ఎక్కువగా సంతోషించితిమి, ఒప్పుకొనుటకు సిగ్గేల?

ఇక కొనువారు తెలిసికొనవలసిన సంగతి యొకటి గలదు. అంగళ్లలో కలమని అమ్మునవి అన్నియు కలములు కావు. మొనకు రబ్బరు బుడిపె యున్నది చౌక. అది వ్రేలికి మాఱుపేరు. తెరకు అది వ్రేలో కలమో తెలియదు. వ్రాయునప్పుడు అఱచేయి తెరకు తగిలినచో అదియును గీతయగును. మేము మొదట మోసపోయినది దీనితోనే. ఒక పుట లెక్కలు వ్రాయగా, చేతి మడమ గీచిన గీతలు లెక్కలకంటె ఎక్కువగా నుండెను. రెండవ జాతి కలములో బ్యాటరీ యుండును. 2015లో వచ్చిన ఆపిల్ పెన్సిల్ ఇట్టిది. మూడవ జాతి విచిత్రమైనది. దానిలో బ్యాటరీయే లేదు. పలక గాజుక్రింద సన్నని తీగల వల యుండి విద్యుదయస్కాంత తరంగములను పంపును. కలములోని తీగచుట్ట ఆ శక్తినే గ్రహించి బదులు పలుకును. ఆ బదులునుబట్టి మొన ఎచ్చటనున్నదో, ఎంత గట్టిగా నొక్కబడినదో పలక కనిపెట్టును. జపానుదేశపు వాకమ్ కంపెనీవారు ప్రసిద్ధి కెక్కించిన పద్ధతి యిది; శాంసంగువారి ఎస్-పెన్ను ఇట్టిదే. ఒక కంపెనీ కలము సాధారణముగా వేఱొక కంపెనీ పలకపై వ్రాయదు. కావున అంగడిలోనే, అదే పలకపై, అఱచేయి ఆనించి, “శ్రీ” యని యొకసారి వ్రాసి చూచి, అటుపిమ్మట దుడ్డు చెల్లింపుడు.

పలక ఇంటికి వచ్చిన దినమున ఆతురపడవలదు. ముందుగా చార్జింగు పెట్టి, వైఫై దొరకుచోట క్రొత్త సవరణలను దింపుకొని, తండ్రియో తల్లియో తమ పేరిట ఖాతా తెఱువవలెను. పిల్లవానికి సంకేతపదము అప్పగించి ఊరకుండరాదు. సెట్టింగులలో మీటల పట్టిక భాషలయందు తెలుగును చేర్చి, దానిలో చేతివ్రాత అను అమరికను ఎంచుకొనవలెను. తరువాత నోట్సు వ్రాయు పుటను తెఱచి, గీతల కాగితమును ఎన్నుకొని, కలమును మామూలు పెన్నువలెనే వాల్చి పట్టుకొనవలెను. నిటారుగా పట్టుకొన్న వ్రాత వంకర పోవును. మొన గాజునకు దగ్గఱకు రాగానే తాకకమునుపే చిన్న చుక్క కనబడును. కొందఱు దానిని చూచి పలక చెడినదని హడలిపోయిరి. అది కలము తాను వచ్చితినని చెప్పుకొనుట మాత్రమే. బలపమునకు నొక్కినట్లు నొక్కవలదు. మాతరమువారము రాతిపలకపై దిద్దినవారము గనుక మాకీ దురలవాటు పోవుటకు పది దినములు పట్టినది. పిల్లలకు ఒక పూట చాలినది.

మాటను అచ్చుగా మార్పదలచినయెడల, అక్షరమక్షరముగా ఆగక మాటంతయు ఒక్కసారిగా వ్రాయవలెను. ఒత్తును దాని యక్షరము క్రిందనే వ్రాయవలెను. ప్రక్కకు జరిగెనా, యంత్రము దానిని వేఱక్షరముగా చదువును. థకారమునందలి చుక్కను మఱచినచో ధకారమగును. మకారమును యకారమును ఒకే పోలికగా గిలికెడువారికి ఈ పలక తగిన శాస్తి చేయును. శిక్షణ కళాశాలలో మాకు నల్లబల్ల వ్రాతను నేర్పిన గురువుగారు చేసిన పనియే ఇదియును చేయుచున్నది. కోపపడక చేయుట దీని విశేషము.

ఇక్కడి ఎండయు దుమ్మును వేఱుగా చెప్పవలసినవి. ఆషాఢపు గాలికి లేచిన ఇసుక తెరమీద ఉండగా కలముతో రుద్దినచో గాజుపై గీతలు పడును, మొనయు అరుగును. వ్రాయబోవుటకు ముందు మెత్తని బట్టతో తుడువవలెను. ఎండలోనున్న కిటికీ దగ్గఱ, దిండు క్రింద చార్జింగు పెట్టరాదు. వేడి బ్యాటరీ ఆయువును తగ్గించును. కరెంటు పోవు సమయములు మీకే బాగుగా తెలియును.

కాగితము చాలదా యని మా తోటి ఉపాధ్యాయులే కొందఱు అడుగుచున్నారు. స్వీడనుదేశమువారు 2023లో మరల ముద్రిత పుస్తకములవైపునకు మొగ్గినారని ఒకరు మాకు చూపించిరి. వారి మాటలో సత్యమున్నది. కాగితము పగులదు, దానికి కరెంటు అక్కఱలేదు, చదువుటకు పుస్తకమే మేలు. మేము పుస్తకమునకు ప్రతిగా పలకను నిలుపుటలేదు. కాని నార్వేదేశపు విశ్వవిద్యాలయమున 36 మంది విద్యార్థులపై చేసిన పరిశీలన యొకటి 2024 జనవరిలో వెలువడెను. అందు విద్యార్థులు తెరపై డిజిటల్ కలముతో మాటలను వ్రాసినప్పుడు, మీటలు నొక్కినప్పటికంటె, మెదడునందలి వివిధ భాగముల నడుమ సంబంధము ఎక్కువగా కనబడెను. మార్కులు పెరిగెనని ఆ పరిశీలన చెప్పలేదు; మేమును చెప్పము. అయినను గాజుపై వ్రాసినను వ్రాత వ్రాతయే యగునని దానివలన ధైర్యము కలిగినది.

కాగితమునకు చేతకాని పనియు ఒకటి కంటబడినది. గత మాఘమాసమున పిల్లలను వీరభద్రాలయపు లతామంటపమునకు తీసికొనిపోతిమి. అచ్చటి స్తంభములపై చెక్కిన లతలను చీరల అంచులలో నేతగాండ్రు దించుకొనుచున్న సంగతి అందఱెఱిగినదే. పిల్లలు పలకపై ముందొక పొరయందు గీతలను గీసి, దాని క్రింది పొరయందు రంగులు నింపిరి. రంగు నచ్చనియెడల గీత చెడకుండ రంగును మాత్రమే తీసివేయవచ్చును. ఒక లతను ఒకసారి గీసి, దానినే వరుసగా పేర్చి అంచుగా చేయవచ్చును. నేతపనివారి ఇంటి బాలిక యొకతె అట్లు పేర్చిన అంచును చూచుకొని, “సారూ, ఇది మా నాయనకి చూపిస్తా, మగ్గం మీద ఎక్కుతుందేమో” అనెను. ఆ బాలిక గణితమున వెనుకబడినది. అంచునందు లత ఎన్నిమార్లు పట్టునో లెక్కించుటకు ఆనాడు భాగహారమును తానై చేసినది.

పాఠశాలలో కలముతో కూడిన పలకలు రెండు మాత్రమే యున్నవి. వానిని ప్రతి శనివారము మధ్యాహ్నము మా గదిలో ఉంచుచున్నాము. కొనదలచిన తల్లిదండ్రులు కొనుటకుముందు పిల్లలను వెంటబెట్టుకొని వచ్చి, ఒక గంట కూర్చుండి, తమ చేతితో వ్రాసి చూడవచ్చును. ప్రశ్న నడిగిన పట్టురైతు గడచిన శనివారము వచ్చెను. గూళ్ల తూకమును ధరను తెలుగంకెలతో వ్రాసి, కొట్టివేసి, మరల వ్రాసి, కొనునట్లో మానునట్లో చెప్పకయే పోయెను. వచ్చువారము కుమారునితో వత్తునన్నాడు. కలపు మొనలు రెండు అదనముగా బీరువాలోని సుద్దముక్కల డబ్బాలో ఉన్నవి; అరిగినచో అడిగి తీసికొనవలెను.