కంభం చెరువు మీద కనిపించని వాన!

చుట్టూ కొండలు, మధ్యలో కంభం చెరువు. సాయంత్రం పూట ఆ కట్ట మీద నిలబడి అరచెయ్యి చాపితే ఏం తగులుతుంది? మహా అయితే చల్లగాలి. వాన కోసం ఏటా ఆకాశంకేసి చూడటం అలవాటైన ప్రాంతమది. కానీ అక్కడ నడివేసవిలోనూ ఆగని వాన ఒకటుంది. సెకనుకి ఒకటో రెండో చినుకుల చొప్పున రాత్రీ పగలూ ఆ అరచేతిలోంచి దూసుకుపోతూనే ఉంటుంది. చెయ్యి తడవదు, కంటికి కనపడదు. ఆ చినుకుల పేరు మ్యూయాన్లు!

నిజానికి అవి చెరువుదాకా రాకూడదు. లెక్క ప్రకారం దారిలోనే చచ్చిపోవాలి. ఎందుకు చావడం లేదన్నదే అసలు కథ.

రెండు మైక్రోసెకన్ల బతుకు

అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు గాలిపొరల్ని ఢీకొన్నప్పుడు, దాదాపు 15 కి.మీ. ఎత్తున ఈ మ్యూయాన్లు పుడతాయి. ఎలక్ట్రాన్‌కి పెద్దన్నయ్యల్లాంటివి. దానికన్నా 207 రెట్లు బరువు. ఆయుష్షు మాత్రం సగటున 2.2 మైక్రోసెకన్లే. మైక్రోసెకను అంటే సెకనులో పదిలక్షలో వంతు. కాంతితో సమానంగా పరిగెత్తినా ఆ కాస్త సమయంలో వెళ్లగలిగేది 660 మీటర్లు. మరి 15 కి.మీ. ఎలా దిగొస్తున్నాయి?

జవాబు 1905లోనే ఐన్‌స్టీన్ చెప్పాడు. కాంతివేగానికి దగ్గరవుతున్నకొద్దీ కాలం నెమ్మదిస్తుంది. కాంతివేగంలో 99.8 శాతంతో దూసుకొచ్చే మ్యూయాన్ గడియారం, మన గడియారంతో పోలిస్తే దాదాపు 16 రెట్లు నిదానంగా నడుస్తుంది. దాంతో 660 మీటర్ల ప్రయాణం కాస్తా పది కి.మీ. దాటుతుంది. ఇంకా వేగంగా వచ్చేవి ఇంకా కిందికి దిగుతాయి. మ్యూయాన్‌ని అడిగితే ఇంకోలా చెబుతుంది... తన గడియారం బాగానే నడుస్తోందనీ, దారే కుంచించుకుపోయిందనీ! రెండూ నిజమే.

భాగవతంలో రైవతుడు కూతురు రేవతిని వెంటబెట్టుకుని బ్రహ్మలోకానికి వెళ్తాడు. కాసేపుండి తిరిగొచ్చేసరికి భూమ్మీద యుగాలు దాటిపోతాయి. అది కథ, దాన్ని కొలిచి చూడలేం. ఐన్‌స్టీన్ మాటని మాత్రం కొలిచి చూశారు. 1963లో ప్రచురించిన ఒక ప్రయోగంలో ఫ్రిష్, స్మిత్ అనే శాస్త్రవేత్తలు అమెరికాలోని మౌంట్ వాషింగ్టన్ మీద గంటకి 563 మ్యూయాన్లని లెక్కపెట్టారు. 1900 మీటర్లు కిందికి దిగి మళ్లీ లెక్కపెట్టారు. కాలం అందరికీ ఒకేలా నడిచేదైతే 27 మిగలాలి. మిగిలినవి 400 పైనే!

కోలార్ గనుల్లో...

ఈ చినుకులు నేల మీద ఆగవు. రాయిని కూడా చీల్చుకుని పోతాయి. ఎంత లోతుదాకా? అది తెలుసుకోవడానికి మనవాళ్లు ఎంచుకున్న చోటు చిత్తూరు సరిహద్దు దాటగానే ఉన్న కోలార్ బంగారు గనులు. తెలుగు కూలీలు ఎందరో చెమటోడ్చిన చోటది. 1950ల మొదట్లో హోమీ బాబా ప్రోత్సాహంతో బి.వి.శ్రీకంఠన్ అక్కడి సొరంగాల్లోకి పరికరాలు దింపి మ్యూయాన్లని లెక్కపెట్టారు. 1965లో అదే గనుల్లో, రెండు కి.మీ.కి పైగా లోతున, వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడ దొరికింది. గనులు 2001లో మూతపడ్డాయి.

ఆ గనుల్లో తవ్వి తీసిన బంగారంలోనూ ఐన్‌స్టీనే ఉన్నాడు! వేగం పెరిగేకొద్దీ వస్తువుని ఇంకా వేగంగా కదిలించడం కష్టమవుతుంది. దీన్నే పాత పుస్తకాలు 'ద్రవ్యరాశి పెరగడం' అన్నాయి. ద్రవ్యరాశి మారదు, పెరిగేది శక్తేనని ఇప్పటి శాస్త్రవేత్తలు అంటారు. ఎలా చెప్పినా లెక్క ఒకటే. బంగారం అణువులో కేంద్రకానికి దగ్గరగా ఉండే ఎలక్ట్రాన్లు కాంతివేగంలో సగానికి పైగా వేగంతో ఉంటాయి. వాటి జడత్వం ఐదో వంతు పెరిగి, కక్ష్యలు దగ్గరికి ముడుచుకుంటాయి. ఆ ప్రభావం బయటి ఎలక్ట్రాన్లదాకా పాకి, బంగారం నీలికాంతిని మింగేస్తుంది. మిగిలిన పసుపే మన కంట్లో పడుతుంది. ఇదే లేకపోతే మంగళసూత్రం కూడా వెండిలా తెల్లగా ఉండేది. పసిడికి ఆ పేరే వచ్చేది కాదేమో!

జెనీవా దగ్గర 27 కి.మీ. సొరంగంలో ప్రోటాన్లని పరిగెత్తించే యంత్రంలో వాటి శక్తి ఏడువేల రెట్లకు పైగా పెరుగుతుంది. అంత తోసినా కాంతికన్నా సెకనుకి మూడు మీటర్లు వెనకే! ఆ మూడు మీటర్లూ ఎంత శక్తి పోసినా దాటలేని గీత.

రైల్లో మిగిలేదెంత?

గంటకి 60 కి.మీ. వేగంతో నాలుగు గంటలు ప్రయాణించి కంభం స్టేషన్లో దిగినవాళ్లకీ ఆ మేరకు వయసు మిగులుతుంది. ఎంతంటే, సెకనుని నాలుగున్నరవేల కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్క.

అంత చిన్నదాన్ని పట్టించుకోవాలా? ఆకాశంలోనైతే తప్పదు. జీపీఎస్ ఉపగ్రహాల గడియారాలు వేగం వల్ల రోజుకి 7 మైక్రోసెకన్లు వెనకబడతాయి. అంత ఎత్తున భూమి ఆకర్షణ తక్కువ కావడంతో 45 మైక్రోసెకన్లు ముందుకెళ్తాయి. మిగిలే తేడా 38. ఆ కాసేపట్లో కాంతి 11 కి.మీ. పైనే పోతుంది. అంటే దూరం లెక్కలో కంభం చెరువు పొడవుని మించిన తప్పు, ఒక్క రోజులో! అంబులెన్సు కోసం ఎదురుచూసేవాళ్లకి అది చిన్న తేడా కాదు. 1977లో అలాంటి తొలి ప్రయోగాత్మక గడియారాన్ని పంపినప్పుడు, ఈ సవరణ అవసరమా అని కొందరు ఇంజినీర్లకి సందేహం. అందుకే సవరించే పరికరాన్ని ఆపేసి చూశారు. ఇరవై రోజుల్లో సందేహం తీరిపోయింది.

మళ్లీ కట్ట మీదికి...

కంభం చెరువుకి దాదాపు అయిదొందల ఏళ్లు. శ్రీకృష్ణదేవరాయల భార్య వరదరాజమ్మ కట్టించిందని చెబుతారు. 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపూ వచ్చింది. ఆ కట్ట పూర్తయిన రోజున ఇరవయ్యేళ్ల కంభం కుర్రాడొకడు, మ్యూయాన్ వేగంతో ఆకాశంలోకి వలస వెళ్లాడనుకుందాం. ఇప్పుడు తిరిగొస్తే అతనికి యాభై రెండేళ్లు. తల నెరిసుంటుంది, అంతే. కానీ 'ఎప్పుడొచ్చావు నాయనా' అని పలకరించడానికి అమ్మ ఉండదు, వాళ్ల వీధి ఉండదు. గుర్తుపట్టగలిగేది ఆ చెరువొక్కటే.

కాలం ఆదా అవుతుంది నిజమే... కానీ దాన్ని పంచుకోవడానికే ఎవరూ మిగలరు!