విహార వేదిక: ద్వీపంలో బస

ఎల్.టి.సి.పై అండమాన్ వెళ్లదలచిన బార్డోలీ సహోద్యోగులు బసను గూర్చి మమ్మల్ని తరచు అడుగుతున్నారు. అద్దె కన్న ముందు ఆటుపోట్లను విచారించాలని మా సూచన. నీరు తీసినప్పుడు డుమస్‌లో సముద్రం ఎంత వెనక్కు పోతుందో మనమెరిగినదే. 2018లో స్వరాజ్ ద్వీప్‌గా పేరు మారిన హేవ్‌లాక్‌లో, తూర్పు తీరపు హోటళ్ల ముందు అట్టి వేళ పగడపు రాళ్లు బయటపడి ఈతకు వీలుండదు. పశ్చిమాన రాధానగర్‌లో ఇసుకే గనుక, హెచ్చరిక పలకలు చూచుకొని దిగితే పిల్లలకు అనుకూలం. కాని అది రేవుకు దూరం. వృద్ధులు వెంట ఉంటే రేవు దాపున, నేల అంతస్తులో గది మేలు. సముద్రం అల్లకల్లోలమైతే ఓడలు నిలిచిపోతాయి. కనుక తిరుగు విమానానికి ముందు రాత్రి శ్రీ విజయపురంలోనే, అనగా పూర్వపు పోర్ట్‌బ్లెయిర్‌లోనే, బస చేయాలి. ఏళ్ల తరబడి కూడబెట్టిన సెలవు గది ఎంపికలో పొరపాటు వలన వృథా కారాదు.