గూడ్సు లోకో పైలట్‌కు ఒకరోజు ముందు చెప్పలేమా?

యారాడ కొండకు అవతల, విశాఖ ఔటర్ హార్బర్‌లో ఇనుప ఖనిజం ఎత్తుకునే ఓడ ఏ రోజుకు వస్తుందో పోర్టుకు ముందుగానే తెలుసు. బైలదిల్లా గనుల నుంచి ఆ ఖనిజాన్ని కొత్తవలస-కిరండూల్ మార్గంలో దించుకొచ్చే సిబ్బందికి మాత్రం డ్యూటీ కబురు సాధారణంగా రెండు గంటల ముందే అందుతుంది. ప్యాసింజర్ బండ్లకు లింకు, అంటే ముందే ఖరారైన డ్యూటీల పట్టిక ఉంటుంది కాబట్టి ఏ రోజు ఏ బండి ఎక్కాలో ముందే తెలుస్తుంది. గూడ్సుకు ఆ వీలు లేదు, పిలుపు వస్తే వెళ్లాలి. అలసట మాట వస్తే అందరం డ్యూటీ గంటలే లెక్కపెడతాం. సైన్ ఆన్ నుంచి సైన్ ఆఫ్ దాకా 11 గంటలన్న పరిమితి ముఖ్యమే. అంతకన్నా ముఖ్యమైనది, మనిషికి ఎప్పుడు నిద్రపోవాలో తెలియడం. పొద్దున 8 గంటలకు డ్యూటీ దిగినవాడి 16 గంటల విశ్రాంతి అర్ధరాత్రికి ముగుస్తుంది. పిలుపు ఆ వెంటనే రావచ్చు, మర్నాడు మధ్యాహ్నం దాకా రాకపోనూవచ్చు. కాగితం మీద అతను విశ్రాంతి తీసుకున్నట్టే. డ్యూటీకి హాజరయ్యే క్రూ లాబీలో బ్రీత్ ఎనలైజర్ మద్యాన్ని పట్టేస్తుంది. నిద్రలేమిని పట్టే యంత్రం అక్కడ లేదు.

సరుకు రవాణాకు టైంటేబుల్ కుదరదని అధికారులు అంటారు. లోడింగ్ ఆలస్యం, లూప్‌లైన్లో నిరీక్షణ, యార్డులో రద్దీ నిజమే. కానీ ఈ ఖనిజం బండ్లు ఎక్కడినుంచో ఎక్కడికో తిరిగేవి కావు. అవే గనులు, అదే ఘాట్, అవే 58 సొరంగాలు, చివర అదే పోర్టు. కచ్చితమైన నిమిషం చెప్పలేకపోయినా, పిలుపు ఏ ఆరు గంటల నడుమ వస్తుందో ఒకరోజు ముందు చెప్పడం అసాధ్యం కాదు. అలా చేస్తే అదనంగా మనుషులు కావాలన్నది రెండో అభ్యంతరం. కావాలి, నిజమే. 2024లో 5,696 అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టులకు ప్రకటన ఇచ్చిన రైల్వే, నెలల్లోనే ఆ సంఖ్యను 18,799కి పెంచింది. కొరత ఎంతో ఆ అంకెలే చెబుతున్నాయి. విశ్రాంతి నిబంధన మార్చి సరిపడా మనుషుల్ని పెట్టుకోకపోతే ఏమవుతుందో 2025 డిసెంబరులో ఇండిగో విమానాల రద్దులో దేశమంతా చూసింది. రైల్వేలో క్రూ మేనేజ్‌మెంట్ సిస్టమ్ గంటలు లెక్కగడుతుంది, లేని మనిషిని తేలేదు.

2025 ఫిబ్రవరిలో కేంద్రం ఆమోదించిన రైల్వే జోన్ల విభజనలో ఈ ఘాట్ మార్గం తూర్పు కోస్తా జోన్ కింద రాయగడ డివిజన్‌కు, విశాఖ దక్షిణ కోస్తా జోన్‌కు వెళ్లాయి. ఒకే ఖనిజం బండికి ఇక రెండు జోన్లు సిబ్బందిని సర్దాలి. ఆ సర్దుబాటుపై రెండు జోన్లు ఒప్పందం రాసుకునేటప్పుడే ముందస్తు పిలుపు వ్యవధిని అందులో చేర్చాలి.