జీఎస్టీ తగ్గింది సరే.. మీ ల్యాప్‌టాప్‌కి ఏ పోర్టుంది?

2025 అక్టోబరు 16న కర్నూలులో ప్రధాని పాల్గొన్న ‘సూపర్ జీఎస్టీ-సూపర్ సేవింగ్స్’ సభ గుర్తుందా? ఆ తగ్గింపుల్లో మనకు పనికొచ్చేది ఒకటుంది. సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన మానిటర్లపై పన్ను 28 నుంచి 18 శాతానికి దిగింది. పన్ను కాక రూ.30,000 ఉన్న మానిటర్ రూ.38,400 నుంచి రూ.35,400కి వచ్చినట్టు. అయితే 32, అంతకన్నా చిన్నవాటిపై ముందు నుంచీ 18 శాతమే, ల్యాప్‌టాప్‌లపైనా అంతే. 27 అంగుళాలది చూపించి ‘జీఎస్టీ తగ్గింది’ అంటే నమ్మేయకండి.

అసలు మెలిక పోర్టు దగ్గరుంది. 4కె తెరలో దాదాపు 83 లక్షల పిక్సెళ్లు, అంటే ఫుల్ హెచ్‌డీకి నాలుగింతలు. హెచ్‌డీఎంఐ 1.4 పోర్టయితే ఆ బొమ్మను సెకనుకు 30 సార్లే పంపగలదు. మౌస్ కూడా ఈడ్చుకుంటూ కదులుతుంది. 60 హెర్ట్జ్‌కి 2.0, 120కి 2.1 కావాలి. టైప్-సి ఉన్నంత మాత్రాన బొమ్మ రాదు, దానికి డిస్‌ప్లేపోర్ట్ లేదా థండర్‌బోల్ట్ సదుపాయం ఉండాలి. మీ మోడల్ నంబరుతో కంపెనీ సైట్‌లో చూసుకోండి. కేబుల్ తగిలించాక విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిఫ్రెష్ రేటు సరిచూడండి.

ఇంతకీ మీకది అవసరమా? వీడియో ఎడిటింగ్, డిజైన్ వైపు వెళ్లేవాళ్లకు ఆ ఖర్చుకి అర్థముంది. కోడింగ్ ప్రాక్టీసుకైతే 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ చాలు. పైగా చాలా ఆన్‌లైన్ ప్లేస్‌మెంట్ పరీక్షల్లో రెండో తెరను అనుమతించరు. నాన్నను డబ్బులడిగే ముందు పోర్టు చూసుకోండి.