ఆధునిక భావవికాసము – మన గంజాము సీమ

చరిత్ర యనగానే రాజుల జయాపజయములు, సంధులు, తేదీలు మన విద్యార్థుల మనసునకు తోచును. రాజ్యములకు చరిత్ర యున్నట్లే భావములకును చరిత్ర కలదు. ఒక కాలమున జనులు దేనిని సత్యమని నమ్మిరి, ఎందుచేత నమ్మిరి, ఆ నమ్మకమును ఎవరు ప్రశ్నించిరి, ఆ ప్రశ్న సంఘము నెట్లు మార్చెను అను విషయముల పరిశీలనమే భావచరిత్ర. పై తరగతులలో ఈ విషయము వచ్చినపుడు పిల్లలు బేకను, డెకార్టు, కాంటు అను పేర్లు విని, ఇది సముద్రముల కావల జరిగిన కథ యనియు, దీనితో గోపాలపురమునకు సంబంధము లేదనియు తలంతురు. ఈ తలంపు సరికాదని మా యభిప్రాయము.

ముందుగా ఆ దూరపు కథను సంగ్రహముగా చెప్పికొందము. 1620లో ఇంగ్లండునందు బేకను, ప్రకృతిని తెలిసికొనుటకు పూర్వుల వాక్యము చాలదనియు, పరిశీలనమును ప్రయోగమును కావలెననియు వాదించెను. 1632లో ఇటలీయందు గెలిలియో భూభ్రమణమును గూర్చిన తన వాదమును సంభాషణరూపమున ప్రకటించెను. 1637లో డెకార్టు, సందేహింప వీలగు ప్రతిదానిని సందేహించి, పిమ్మట నిలిచిన దానిపైననే జ్ఞానమును కట్టవలెననెను. 1784లో జర్మను తత్త్వవేత్త కాంటు, పరుల బుద్ధిపై నాధారపడుట మాని స్వబుద్ధిని వినియోగించు ధైర్యమే జ్ఞానోదయమని ఒక మాసపత్రికలో వ్రాసెను.

ఇందొక విశేషమును మన విద్యార్థులు గమనింపవలెను. ఆనాటి యూరోపునందు పండితభాష లాటిను. బేకను తన గ్రంథమును లాటినుననే వ్రాసెను. గెలిలియో తన గ్రంథమును ఇటాలియనులోను, డెకార్టు ఫ్రెంచిలోను వ్రాసిరి. ఇంటిలో మాటలాడు భాషలో చెప్పినగాని క్రొత్త యాలోచన నలుగురికి చేరదని వారికి తెలియును. కావున ఆధునికభావమునకు రెండు లక్షణములు కలవని చెప్పవచ్చును. ప్రమాణ మడుగుట మొదటిది. ఆ ప్రమాణమును జనులకు తెలియు భాషలో చెప్పుట రెండవది.

ఈ రెండును మన ప్రాంతమున ఒక్క మనుష్యునియందే కలిసియుండుట మన భాగ్యము. ఆయన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. 1863లో శ్రీకాకుళమునకు సమీపమునగల పర్వతాలపేటలో జన్మించిరి. శ్రీకాకుళము అప్పటి గంజాము జిల్లాలోనిదే. 1880లో పర్లాకిమిడి చేరి ఉపాధ్యాయులైరి. ముఖలింగ దేవాలయ శాసనములను చదువగోరి ప్రాచీనలిపులను స్వయముగా నేర్చిరి. కొండలలోని సవరల మాటను వినగోరి, తెలుగు తెలిసిన సవరవాని సాయమున వారి భాషను నేర్చి, సవరబాలురకు సవరభాషలోనే పాఠములు చెప్పించిరి. 1931లో ఆ భాషకు వ్యాకరణము, 1938లో నిఘంటువు ప్రకటితములైనవి. గ్రంథములు లేని భాషకు నియమములు లేవని లోకులు తలచుచుండిన కాలమున, ఆ భాషకును క్రమముగల వ్యాకరణ మున్నదని చెవితో విని, చేతితో వ్రాసి నిరూపించిరి. ఇది బేకను కోరిన పరిశీలనము కాక మరేమి?

సవరబాలునకు వాని యింటిభాషలో చదువు చెప్పవలెనన్నవారు, తెలుగుబాలునకు మాత్రము వాడు మాటలాడని భాషలో ఏల చెప్పవలెనని ప్రశ్నించుట సహజమే. వ్యావహారిక భాషోద్యమమున పాఠశాలల తనిఖీ అధికారి యేట్సుదొర, విజయనగరమున గురజాడ అప్పారావుగారు తోడైరి. జయంతి రామయ్య పంతులుగారు మొదలగు పండితులు ప్రతిఘటించిరి. వాడుకభాష జిల్లా కొకరీతిగ నుండుననియు, గ్రాంథికమును విడిచినచో ప్రాచీన కావ్యములు పిల్లలకు అందకుండ పోవుననియు వారి వాదము. పొరుగు రాష్ట్రమున పండితశిక్షణ పొంది, నేటికిని ఈ భాషలోనే వ్రాయుచున్న మేము ఆ వాదమున బలము లేదనజాలము. అయినను గిడుగువారు కోపముతో గాక ఉదాహరణములతో బదులు చెప్పిరి. గ్రాంథికమును సమర్థించువారి రచనలనుండియే వ్యావహారిక ప్రయోగములను ఏర్చి చూపిరి. 1874లో 'వివేకవర్ధని'ని స్థాపించి, 1881లో మొదటి వితంతు వివాహమును జరిపించిన కందుకూరి వీరేశలింగము పంతులుగారు చిరకాలము గ్రాంథికమున వ్రాసిన వారే. అట్టివారు 1919లో, డెబ్బది యేండ్ల వయసున, వ్యావహారిక భాషాప్రవర్తక సమాజమునకు అధ్యక్షులైరి. ప్రమాణము చూచి మనసు మార్చుకొనగల ఆ ధైర్యమే ఆధునికత.

ఇచట మన పొరుగువారిని మరువరాదు. గురజాడవారి 'కన్యాశుల్కము' తొలికూర్పు 1897లో వెలువడినది. ఆ సంవత్సరముననే ఫకీరుమోహన సేనాపతి 'ఛ మాణ ఆఠ గుంఠ' అను ఒడియా నవల పత్రికలో ధారావాహికముగా ప్రారంభమైనది. ఒకటి ఆడపిల్లల నమ్ముకొను దురాచారమును, రెండవది పేదవాని భూమిని కాజేయు జమీందారును జనుల పలుకుబడిలోనే నిలదీసినవి. అంతకు కొంత పూర్వము, 1870 ప్రాంతమున, ఒడియా స్వతంత్రభాషయే కాదని ఒక వంగ పండితుడు గ్రంథము వ్రాయగా, బడులలో తమ భాషను నిలుపుకొనుటకై ఒడియావారు పోరాడవలసివచ్చెను. తన భాష కాదని త్రోసివేయబడు వేదన మనకు తెలిసినదే, వారికిని తెలిసినదే.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్ర మేర్పడెను. పర్లాకిమిడి అందు చేరగా గిడుగువారు సమ్మతింపక రాజమహేంద్రవరమునకు తరలిపోయి, 1940లో పరమపదించిరి. ఆయన తరలిపోయిరి, మనము నిలిచితిమి. నిలిచినవారి కర్తవ్యమేమి? కొందరు తలిదండ్రులు ఈ రాష్ట్రమున తెలుగు చదివిన ప్రయోజనమేమని యడుగుచున్నారు. ఉద్యోగము నుద్దేశించి అడుగుదురు గనుక ఆ ప్రశ్నను తేలికగా కొట్టివేయరాదు. ఒడియా చక్కగా రావలెను, ఆంగ్లము రావలెను. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశయందు మాతృభాషలో బోధనకు సదుపాయములు కల్పింపవలెనని 1956లో రాజ్యాంగమున 350-ఏ అధికరణము చేర్చబడినది. కాని చట్టము బడిని కాపాడునే గాని బడిలోని ఆలోచనను కాపాడదు. పరభాషలో వల్లించిన పిల్లవాడు పరీక్షలో ఉత్తీర్ణుడు కావచ్చును, 'ఎందుకు?' అను ప్రశ్న మాత్రము తల్లితో మాటలాడు భాషలోనే మొదట పుట్టును. ఆ ప్రశ్న పుట్టని బడిలో ఎన్ని భాషలు నేర్పినను అవి చిలుకపలుకులే.

తెలుగు మీది అభిమానము పొరుగుభాష మీది ద్వేషము కారాదని గిడుగువారి జీవితమే బోధించుచున్నది. తన మాతృభాష కాని సవరకై ఆయన ఎన్నో యేండ్లు పాటుపడిరి. కావున విద్యార్థులారా, ఈ చరిత్రను మీరు కంఠస్థము చేయుటతో తృప్తి పడవలదు. మన తీరమునగల తెలుగు పల్లెకారులు గాలులకు, అలలకు, చేపలకు వాడు మాటలను అడిగి వ్రాసికొనుడు. వానిలో ఏవి ఒడియాలో గలవో, ఏవి నిఘంటువులలో లేవో సరిచూడుడు. ఫకీరుమోహనుని కథ నొకదానిని తెలిగించి ఈ పత్రికకు పంపుడు. మా పాఠములందు మీకు నమ్మకము కుదరని మాట యున్నచో, వినయముతో ప్రమాణ మడుగుడు. అట్టి ప్రశ్నలకు బదులు చెప్పుటకే మేమున్నాము.