ఏ ఇంగ్లీషు శుద్ధమైనది?

ఇంగ్లీషు ఉచ్చారణను దిద్దెదమని ప్రకటించు శిక్షణాలయములు మన నగరములందు వీధివీధిని వెలసినవి. తెలుగు యాస వినబడినంతనే అభ్యర్థిని నవ్వి పంపివేయు ఉద్యోగదాతలును కలరు. వీరినందరిని మేమొక ప్రశ్న అడుగుచున్నాము: ఏ దేశపు ఇంగ్లీషును మీరు శుద్ధమని యెంచుచున్నారు?

లండనువారిదియా? ఆ నగరమందే తూర్పు పేటలవారు 'హౌస్' అను మాటను 'ఔస్' అందురు. 'కార్' అను మాట తుది రేఫమును దక్షిణ ఇంగ్లండువారు మ్రింగివేయుదురు. స్కాట్లండువారును, ఐర్లండువారును, అమెరికనులలో పెక్కుమందియును స్పష్టముగా పలుకుదురు. తెలుగువాడు పలికినచో మాత్రము అది మోటుతనమట!

అమెరికావారి చరిత్రను చూడుడు. నోవా వెబ్‌స్టరు (ఆయనయు మావలె న్యాయశాస్త్రము చదివినవాడే) స్వతంత్రజాతికి భాషయందును స్వాతంత్ర్యము వలయునని 1789లో వాదించి, 1828లో రెండు సంపుటముల నిఘంటువును వెలువరించెను. 'కలర్', 'ఆనర్' అను మాటలలోని 'యు' అక్షరమును తొలగించెను. నేడు ఆ వర్ణక్రమమే అచ్చట ప్రమాణము. అమెరికనులు లండనువారి అనుమతికై నిరీక్షింపలేదు.

ఐర్లండువారు 'ఇప్పుడే తింటిని' అనుటకు 'ఐ యామ్ ఆఫ్టర్ ఈటింగ్' అందురు. మాటలు ఇంగ్లీషువి, వాక్యము ఐరిషుది. వారి నాటకకర్త సింజ్ అట్టి పలుకుబడినే రంగస్థలమున నిలిపెను. నైజీరియావారు ఎల్లుండిని 'నెక్స్ట్ టుమారో' అందురు. ఆక్స్‌ఫర్డు నిఘంటువు 2020లో దానిని చేర్చుకొన్నది. సింగపూరు ప్రభుత్వము మంచి ఇంగ్లీషు మాటలాడుడని 2000లో ఉద్యమమునే ఆరంభించినను, ప్రజలు వాక్యాంతమున 'లా' అనుట మానలేదు.

మనవారో! ఈ శతాబ్దారంభమున కొన్ని కాల్ సెంటర్లలో మన యువకులకు విదేశనామములు పెట్టి, విదేశపు యాసను నేర్పిరి. జీతముకొఱకు పేరునే మార్చుకొనవలసివచ్చెను. 'ప్రీపోన్' అన్నవానిని నేటికిని నవ్వువారు కలరు. 'పోస్ట్‌పోన్' ఉన్నప్పుడు దానికి ఎదురుమాట ఉండుట దోషమెట్లగును? మన ఇంగ్లీషు పత్రికలు 'లాక్', 'క్రోర్' అని నిస్సంకోచముగా వ్రాయుచున్నవి. ఎవరికిని అర్థము చెడలేదు.

తప్పులన్నియు ఒప్పులే యని మా వాదము కాదు. దస్తావేజునందు ఒక్క క్రియాపదము తారుమారైనచో ఆస్తియే తారుమారగును. అర్థము చెడుట వేఱు, యాస మాఱుట వేఱు. మొదటిదానిని దిద్దుడు. రెండవదానిని దిద్దుటకై బీద తల్లిదండ్రులచే అప్పులు చేయించుట మాత్రము అన్యాయము.

గ్లాస్గోనుండి వచ్చినవాని మాట బోధపడనప్పుడు మరల సెలవిండని వినయముతో నడుగు ఉద్యోగదాత, గుంటూరునుండి వచ్చినవానిని ఏల పంపివేయుచున్నాడో సమాధానము చెప్పవలెను.