నాణెముల నాణ్యము

తొలకరి చినుకు పడినంతనే తుగ్గలి, జొన్నగిరి చేలలో జనము బారులు తీరి నేల వెదకుట కర్నూలు సీమవారికి కొత్త వింత కాదు. ఆలుబిడ్డలతో వచ్చి, చెట్లక్రింద వంట చేసికొని, తలవంచి వజ్రము కొఱకు దినములు గడుపుదురు. వజ్రము దొరికిన మాట ఒక్క పూటలో పది యూళ్లకు పాకును, వర్తకులు వత్తురు, బేరము సాగును. అదే చేలో నాగటికఱ్ఱుకు మట్టికుండ తగిలి పాతనాణెములు రాలినచో ఆ మాట గడప దాటదు. బంగారమైనచో కంసాలి మూసకు పోవును. రాగియో సీసమో ఐనచో పిల్లల యాటకు పోవును, లేక తూకపు లెక్కన పాతసామానువాని గోతామునకు పోవును. మన జిల్లాల చరిత్రలో ఎన్ని పుటలు ఈ రీతిగా కరగిపోయినవో లెక్క చెప్పగలవారు లేరు.

ఇప్పుడు ఈ నాణెములకు కొత్తగా గిరాకి పుట్టినది. పట్టణములలో విద్యావంతులు, ఉద్యోగులు, వైద్యులు పాతనాణెములను కూర్చుకొనుచున్నారు. ఇది మెచ్చదగిన యభిరుచియే. కాని దానివెంట మఱియొక వాడుక వచ్చినది. నాణెమునకు తరగతి నిర్ణయించి, అంకె వేసి, పారదర్శకమైన ప్లాస్టిక్ పెట్టెలో భద్రముగా మూసి యిచ్చెడి వృత్తి యొకటి అమెరికాలో బలిసి లోకమంతట వ్యాపించినది. షెల్డన్ అను నాతడు 1949లో తన దేశపు పాత రాగి సెంట్లకు ఒకటి మొదలు డెబ్బది వఱకు అంకెలుగల యొక కొలబద్దను ప్రకటించెను. ఒకటవ తరగతి నాణెము డాలరు చేసినచో డెబ్బదవ తరగతిది డెబ్బది డాలర్లు చేయునని ఆతని లెక్క. బజారు ఆ లెక్కను ఏనాడో దాటిపోయినది గాని అంకెలు మాత్రము నిలిచినవి. 1986లో పి.సి.జి.ఎస్. అను సంస్థయు, 1987లో ఎన్.జి.సి. అను సంస్థయు వెలసి ఈ అంకెలనే వ్యాపారముగా నడుపుచున్నవి. ప్రాచీన నాణెముల కొఱకు ఎన్.జి.సి. వారు 2008లో ప్రత్యేకశాఖ తెఱచిరి. అందు డెబ్బది అంకెల పద్ధతి లేదు; అరుగుదలను బట్టి తరగతిని మాటలలో చెప్పి, అచ్చు పడిన తీరునకు ఐదింట ఇన్ని, పైపొర నిలిచిన తీరునకు ఐదింట ఇన్ని అని మార్కులు వేయుదురు.

ఈ పద్ధతిని మేము గర్హించుట లేదు. బజారులో దొంగనాణెముల బెడద అంతింత కాదు. అచ్చుకొట్టవలసిన వరహాను పోతపోసి తెచ్చి రాయలనాటిదని అమ్మెడివారున్నారు. సీతారాముల పట్టాభిషేకము చెక్కిన రామటంకములు దేవతార్చనకును కానుకకును చేయించినవేగాని ఎన్నడును బజారులో చెల్లిన నాణెములు కావు. వానిని శ్రీరాముని కాలపు ద్రవ్యమని చెప్పి లక్షలు గుంజుచున్నారు. 1818 సంవత్సరమును, ఈస్టిండియా కంపెనీ పేరును, వెనుక హనుమంతుని బొమ్మను వేసిన రాగిబిళ్లలు ఇంకొక మోసము. కంపెనీవా రట్టి నాణెమును ఏనాడును ముద్రింపలేదు. బియ్యపుగింజలను ఆకర్షించునని చెప్పి ఈ బిళ్లలతో సంసారములను ముంచినవారి కథలు పోలీసు ఠాణాలలో కావలసినన్ని కలవు. అమ్మువాడును కొనువాడును గాక మూడవవాడు, తెలిసినవాడు, నాణెమును చూచి మాట చెప్పుట మేలే. అది మనకు కొత్తయు కాదు. పూర్వము ప్రతి బజారునందును షరాబు గీటురాయితోను త్రాసుతోను కూర్చుండి పలురకముల వరహాలను, రూకలను వన్నె చూచి మారకము కట్టెడివాడు. ఆ పని ఎంత ప్రధానమో మన భాషయే చెప్పుచున్నది. ద్రవ్యమును నాణెమనుచున్నాము, సరుకు మంచిదైనచో నాణెమైనదనుచున్నాము.

అయితే ఈ తరగతుల మోజులో మనవారు మఱచుచున్న విషయము లున్నవి. మొదటిది చట్టము. నూఱేండ్లు దాటిన నాణెము 1972 నాటి పురావస్తు చట్టము క్రింద పురావస్తువు. దానిని కేంద్రప్రభుత్వమో, ఆ ప్రభుత్వము నియమించిన సంస్థయో తప్ప ఇతరులు దేశము దాటింపరాదు. దాటించినవానికి ఆరు నెలలు మొదలు మూడేండ్ల వఱకు చెఱయు జరిమానాయు కలవు. తరగతి వేయించుకొని తిరిగి తెప్పించుకొందునని చెప్పి నాణెమును విదేశపు టపాలో వేయువాడు తెలిసియో తెలియకయో ఈ నేరమున చిక్కును. నాణెములు కూర్చుకొనుట నేరము కాదు. లైసెన్సు లేక వాని వర్తకము చేయుట నేరము. పైగా ప్రాచీన నాణెముల విషయమున తాము చెప్పునది అభిప్రాయమేగాని పూచీ కాదని ఎన్.జి.సి. వారే చెప్పుచున్నారు. పెట్టెను చూచి మురియువారు ఈ మాట చదువరు.

రెండవది ఇంతకంటె పెద్దది. తరగతి వేయువాడు చూచునది నాణెపు ముఖమును. ఆ ముఖమునకు తగిలిన గాటు ఆతనికి లోపము. చరిత్రకారునకు ఆ గాటే సాక్ష్యము. 1898లో పుదుక్కోట సంస్థానమున 501 రోమక సువర్ణనాణెములు దొరికినవి. వానిలో అధికభాగము చక్రవర్తి తలమీద ఉలితో గాటు పెట్టినవి. ఎవరో వానిని నాణెములుగా చెల్లకుండునట్లు చేసి బంగారముగా మాత్రమే ఉంచిరని దానివలన ఊహింపవచ్చును. ఆ నిధి నేడు లండను బ్రిటిషు మ్యూజియమున నున్నదనుట వేఱుగ విచారింపదగిన మాట. రోమక నాణెములు మఱికొన్నిటికి చిల్లులు, కొక్కెములు కలవు. అది కూడ తరగతి లెక్కలో లోపమే. మన యిండ్లలో కాసులపేరు ఎఱిగినవారికి ఆ చిల్లు ఏమి చెప్పుచున్నదో విప్పి చెప్పనక్కఱలేదు.

ఒక పెద్దమనిషి చిన్నమూటతో మా కార్యాలయమునకు వచ్చెను. విప్పి చూపగా తొమ్మిది నాణెములు. చింతపండుతో తోమి, బూడిదతో రుద్ది, కొత్త చెంబువలె మెఱయించి తెచ్చెను. ఒకటి రామటంకము, మిగిలినవి రాగికాసులు. వెల యెంత యుండునని ఆయన ప్రశ్న. ఎక్కడ దొరికినవని మా ప్రశ్న. ఆయనకు తెలియదు; ఎవరో యిచ్చిరట, వారికెవరో యిచ్చిరట. తోముటవలన అక్షరములు సగము పోయినవి. చేతులు మారుటవలన ఊరు పోయినది. అక్షరము పోయిన నాణెమునకు జతనాణెమును చూచి అక్షరము పూరింపవచ్చును. ఊరు పోయినచో పూరించు సాధనము లేదు.

ఊరు తెలిసిన నాణెము ఎంత చెప్పగలదో మన జిల్లాలలోనే చూడవచ్చును. చెయ్యేటి యొడ్డున, పరశురామేశ్వరుని అత్తిరాలలో రోమక నాణెములు దొరికినవి. 1932లో నంద్యాలలో రోమక సువర్ణనాణెముల నిధి బయల్పడెను. భారతదేశము ఏటేట తమ రాజ్యమునుండి ఐదు కోట్ల సెస్టర్షియసులు లాగుకొనుచున్నదని మొదటి శతాబ్దమున ప్లినీ మొఱపెట్టెను. ఆ ధనములో కొంత, సముద్రమునకు ఇంతదూరమున, ఈ మెట్టసీమకు ఏల వచ్చెను? ఏ సరుకునకు వెలగా వచ్చెను? నంద్యాల అను పేరు, అత్తిరాల అను పేరు ఆ నాణెములకు అంటియున్నవి గనుకనే ఈ ప్రశ్న వేయగలుగుచున్నాము. ఆ పేర్లు ఊడినచో అవి ఏ దేశపు బజారులోనైన దొరకు రోమక నాణెములే.

కృష్ణాతీరమున వీరాపురము కథ ఇంకను స్పష్టము. శ్రీశైలము జలాశయములో మునుగనున్న ఆ యూరిదిబ్బను హైదరాబాదు బిర్లా పురాతత్త్వ సంస్థవారు త్రవ్వి 1984లో గ్రంథము ప్రకటించిరి. శాతవాహనుల నాణెములు, మహారథుల నాణెములు అచట మట్టిపొరలతోకూడ దొరికినవి. ఏ పొరపై ఏ పొర యున్నదో తెలిసినందున ఎవరు ముందో ఎవరు వెనుకో చెప్పుటకు ఆధారము చిక్కెను. ఆ నాణెములలో చూపునకు అందమైనవి తక్కువ. తరగతి వేయువాని బల్లమీద అట్టివానికి అట్టడుగు తరగతి దొరకునేమో! చరిత్రలో వాని తరగతి వేఱు.

విజయనగర నాణెములను గూర్చి మన పాఠకులకు చెప్పవలసినది తక్కువ. మూడున్నర గ్రాములకు కొంచెము తక్కువ తూగు వరహా, దానిలో సగము ప్రతాపము, చిన్న పణము, రాగికాసు మన తాతల నోటిలో నానిన పేర్లు. కృష్ణరాయల వరహామీద బాలకృష్ణుని, తిరుమలరాయల వరహామీద సీతారామలక్ష్మణులను చూచి నమస్కరించు ముసలివారు నేటికిని కలరు. కాని ఆదవాని నాణెమును ఆదవానివారే గుర్తింపరు. ఔరంగజేబు సేనలు ఆ దుర్గమును గైకొనిన పిమ్మట దానికి ఇంతియాజ్‌గఢ్ అని పేరుపెట్టి అచట టంకశాల నడపిరి. మొగలులు ఉత్తరదేశమున ముద్రించిన మొహరీలకు బదులు ఇచట దక్షిణదేశపు తూకమున చిన్న వరహాలను కూడ కొట్టించి, వానిమీద పారసీక లిపిలో పాదుషా పేరు వేయించిరి. ఢిల్లీ ప్రభువైనను మన బజారులో మన తూకమునకు తలయొగ్గెనని ఆ చిన్నబిళ్ల చెప్పుచున్నది. టిప్పు గుత్తికి ఫైజ్ హిసార్ అని పేరుపెట్టి నాణెములు కొట్టించెను. ఈ పేర్లు తెలియని రైతు వానిని పరాయినాణెములనుకొని కరగించుటలో ఆశ్చర్యమేమున్నది?

ఇక భూస్వాములైన మా పాఠకులతో రెండుమాటలు. నిధి దొరకినప్పుడు నడువవలసిన విధి 1878 నాటి నిధిచట్టమున నున్నది. పది రూపాయల విలువకు మించిన నిధి దొరకినవాడు దొరకిన చోటు, దినము, నిధి స్వరూపము వ్రాసి కలెక్టరునకు తెలుపవలయును. సొంతదారెవ్వరును లేని పాతనిధియని తేలినచో, వేఱు ఒడంబడిక లేనప్పుడు, నాలుగింట మూడువంతులు కనుగొనినవానికి, ఒకవంతు భూమి సొంతదారునకు. పలుగుపట్టిన కూలివాడే కనుగొనినవాడు. చేను నాది గనుక కుండ నాదని కసరి కూలివానిని పంపివేయు ఆసామి చట్టమును తలక్రిందు చేయుచున్నాడు. ఆ కూలివాడు కడుపుమంటతో రాత్రి వచ్చి మిగిలిన నేలయు త్రవ్వుకొనిపోయినచో తప్పు కేవలము వానిది కాదు. తెలుపక దాచిన కనుగోలుదారునకు తన వాటా పోవుటయే గాక ఏడాది వఱకు శిక్షయు కలదు. దాచుటకు తోడ్పడిన ఆసామికిని శిక్ష తప్పదు.

ఇంత కఠినముగ శాసించిన చట్టము బహుమానము దగ్గఱ పిసినారియైనది. ప్రభుత్వము నిధిని తీసికొన దలచినచో లోహపు వెలకు ఐదవ వంతు చేర్చి యిచ్చినచో చాలునట! బంగారమునకు ఇది కొంత సబబుగ తోచవచ్చును. శాతవాహనుల సీసపునాణెమునకు లోహపు వెల యెంత? ఐదవ వంతు చేర్చినచో ఎంత? కనుగొనిన కూలివాని రానుపోను బస్సు ఛార్జీకైన చాలదు. అదే నాణెమునకు పట్టణపు వర్తకుడు చేతిలో వేలు పెట్టును, ప్రశ్న లడుగడు. ఇట్టి చట్టము రైతునకు నేర్పునది దాచుటయే. దొరతనమువారు 1878లో బంగారము, వెండి దృష్టిలో పెట్టుకొని వ్రాసికొన్నదానిని స్వరాజ్యము వచ్చి ఇన్నేండ్లయినను అట్లే ఉంచుకొనుట మన శాసనసభలకు శోభ కాదు. నాణెమునకు చరిత్రవిలువ కట్టి, ఆ విలువను, అదియు నెలలోపల, కనుగొనినవాని చేతిలో పెట్టవలయును. నిధికొఱకు గుడులలో నందులను పెకలించు దొంగలు వేఱు, దుక్కిలో కుండ తగిలిన రైతు వేఱు. ఠాణాలో ఇరువురిని ఒకే బల్లమీద కూర్చుండబెట్టుచున్నంతకాలము రైతు మాట బయటికి రాదు.

విలువ కట్టువా రెవరని అడుగవచ్చును. కడపలో భగవాన్ మహావీర ప్రభుత్వ మ్యూజియము కలదు. మైలవరమున మ్యూజియము కలదు. సి.పి. బ్రౌను తాళపత్రములను కూర్చిన కడపలో ఆయన పేర గ్రంథాలయము కలదు. బ్రౌను తెప్పించి వ్రాయించి యుండనిచో మన కావ్యములలో ఎన్ని చెదలపాలగునో ఎఱుగుదుము. నాణెముల విషయమున అట్టి పని చేయుటకు పరదేశపు ప్లాస్టిక్ పెట్టె అక్కఱలేదు. లిపులు చదువగల నాణెశాస్త్రజ్ఞు డొక్కడు, మంచి త్రాసు, ఛాయాచిత్రపు యంత్రము, ఒక పుస్తకము చాలును. నెలకొకమాఱు ఆతడు నంద్యాలలోను, ఆదవానిలోను, ప్రొద్దుటూరులోను, రాజంపేటలోను కూర్చుండి, తెచ్చినవారి నాణెములను చూచి, పేరు చెప్పి, తూకము వ్రాసి, దొరకిన చేని సర్వేనంబరుతోకూడ పుస్తకమున ఎక్కించి, దానినే తిరిగి యిచ్చివేయవలయును. సొంతముగ నాణెములు కూర్చుకొనువారు కూడ తమ నాణెము లెక్కడివో అందు నమోదు చేయించుకొనవచ్చును. కొనునప్పుడు తరగతి అడుగుటకు ముందు ఊరు అడుగు నలవాటు వారికి వచ్చినచో వర్తకులకును క్రమముగా వచ్చును.

ఈ లోపల చేయదగిన పని యొకటి కలదు. దానికి శాసనసభ అక్కఱలేదు. దొరకిన నాణెమును తోమవద్దు, కుండపెంకులను పాఱవేయవద్దు, చోటు గుర్తుపెట్టుము, కనుగొనినవానికి మూడువంతులు, దాచినచో శిక్ష అను ఐదు మాటలు తేటతెలుగున బల్లమీద వ్రాయించి ప్రతి తహసీలుదారు కచేరీలోను, ప్రతి గ్రామసచివాలయమునందును వ్రేలాడదీయుట మన జిల్లాల కలెక్టరుల చేతిలోని పని. వచ్చు తొలకరి దుక్కికి మునుపే ఆ బల్లలు గోడ కెక్కవలయును.